లివర్‌కి మచ్చ పడేది ఇలా

పల్నాడు పల్లెల్లో అరవై దాటినవాళ్ల ముంజేతులు గమనిస్తే కొందరికి రూపాయి బిళ్లంత నున్నటి మచ్చ కనిపిస్తుంది. చిన్నప్పుడు కామెర్లొస్తే పెట్టిన వాత అది. ఆ కామెర్లు చాలావరకు కలుషిత నీళ్ల వల్ల వచ్చే హెపటైటిస్-ఎ రకానివి. వాత పెట్టినా పెట్టకపోయినా కొన్ని వారాల్లో వాటంతటవే తగ్గేవి. రోగం వచ్చిన లివర్‌ మీద ఏ గుర్తూ మిగల్లేదు. రోగంతో సంబంధం లేని చెయ్యి మాత్రం జీవితాంతం మచ్చ మోస్తోంది.

ఆ మచ్చలో ఉన్న సరుకు పేరు కొల్లాజెన్. చర్మం కాలినచోట మయోఫైబ్రోబ్లాస్ట్‌లనే కణాలు చేరతాయి. కొల్లాజెన్ పోగులు పరిచి, గాయం అంచుల్ని దగ్గరికి లాగి, పని అయ్యాక చాలావరకు చచ్చిపోతాయి. లివర్‌లో మచ్చ చేసేదీ ఇదే రకం కణాలు, ఇదే సరుకు. కాకపోతే అక్కడ గాయం ఒకసారి తగిలి ఊరుకోదు, పదేళ్లో ఇరవయ్యేళ్లో రోజూ తగులుతూనే ఉంటుంది. బాగుచేసే పనికి ముగింపు దొరకదు. డాక్టర్లు సిర్రోసిస్ అన్నా, మనం ‘లివర్ చెడిపోయింది’ అన్నా దాని వెనక జరిగింది ఇదే. మద్యమో కొవ్వో వైరసో లివర్‌ని గట్టిపరచదు. గాయాన్ని పూడ్చుకోబోయి ఒళ్లే గట్టిపరుచుకుంటుంది. ఇది అర్థమైతే ఏ మందు పనిచేస్తుందో, ఏది డబ్బు దండగో సగం తేలిపోతుంది.

తయారీని వరసగా చూద్దాం. నూజెండ్ల మండలంలో ఒక మిర్చి రైతు ఉన్నాడనుకోండి. ఊహే, ఎవరినీ ఉద్దేశించి కాదు. వయసు 38. పొద్దుగూకాక రోజూ ఒక క్వార్టర్. 2024 అక్టోబరులో కొత్త మద్యం విధానం వచ్చాక రాష్ట్రంలో 99 రూపాయలకు కూడా దొరుకుతున్న 180 మిల్లీలీటర్ల సీసా. అందులో ఆల్కహాల్ 42.8 శాతం, అంటే 77 మిల్లీలీటర్లు. బరువు కడితే 60 గ్రాముల పైమాటే. పొట్ట కాస్త ముందుకొచ్చింది. షుగర్ ఉందో లేదో ఎప్పుడూ చూపించుకోలేదు.

కుడి పక్కటెముకల కింద దాదాపు కిలోన్నర తూగే లివర్‌లోకి నిమిషానికి లీటరున్నర వరకు రక్తం వస్తుంది. అందులో ముప్పాతిక వంతు పేగుల నుంచి పోర్టల్ సిర మోసుకొచ్చేదే. తిన్నదీ తాగిందీ ఒళ్లంతా తిరగకముందే ఇక్కడికి చేరుతుంది. లోపల ఈ రక్తం సైనుసాయిడ్లనే సన్నటి దారుల్లో పారుతుంది. వాటి గోడ కణాల నిండా రంధ్రాలే, ఒక్కోటి మిల్లీమీటరులో పదివేలో వంతు వెడల్పు. రక్తకణాలు వాటిలో దూరలేవు. రక్తంలోని ద్రవం మాత్రం హాయిగా అవతలికి పోయి, లివర్ పనులన్నీ చేసే హెపటోసైట్లను తడుపుతుంది. గోడకీ హెపటోసైట్లకీ మధ్య ఒక ఇరుకు సందు ఉంది. జర్మన్ శరీరశాస్త్రవేత్త యోసెఫ్ డిస్సె 1890లో దాన్ని వర్ణించాడు కాబట్టి డిస్సె సందు అంటారు. కథ మొదలయ్యేది ఆ సందులోనే.

మొదటి దెబ్బ హెపటోసైట్‌కి. ఆల్కహాల్‌ని విడగొట్టేటప్పుడు అసిటాల్డిహైడ్ పుడుతుంది. అది కణంలోని ప్రోటీన్లకి అంటుకుని వాటిని పనికిరాకుండా చేస్తుంది. పొట్టా షుగరూ ఉన్నవాళ్లు చుక్క తాగకపోయినా, కణం ఇముడ్చుకోలేనంత కొవ్వు చేరితే అది దెబ్బతింటుంది. హెపటైటిస్-బిలో మరో విచిత్రం ఉంది. ఆ వైరస్ సాధారణంగా కణాన్ని తానుగా చంపదు. వైరస్ దూరిన కణాన్ని వెతికి చంపేది మన సొంత రక్షణ కణాలే. దారి ఏదైనా చివరికి మిగిలేది చచ్చిన హెపటోసైట్. ఒకటీ అరా చస్తే నష్టం లేదు, పక్కనున్నవి విభజన చెంది ఆ చోటు నింపేస్తాయి. చావు ఆగకపోవడమే చిక్కు.

చచ్చే కణంలోంచి ఎంజైములు రక్తంలోకి కారతాయి. ల్యాబ్ రిపోర్టులో ఎస్‌జీపీటీ, ఎస్‌జీఓటీ అని కనిపించేవి అవే. అవి చెప్పేది ఇవాళ్టి గాయం సంగతి, ఇన్నేళ్లుగా పేరుకున్న మచ్చ సంగతి కాదు. ‘ఏం మావా, రిపోర్టు నార్మలేగా’ అని కాగితం మడిచి జేబులో పెట్టుకునేవాళ్లు చాలామంది. సిర్రోసిస్ ముదిరిన మనిషికి కూడా ఎస్‌జీపీటీ నార్మల్‌గా ఉండొచ్చు.

తర్వాతి అంకం చిన్నదే. సైనుసాయిడ్లలో కాపు కాసే కుఫర్ కణాలు చచ్చిన హెపటోసైట్ల ముక్కల్ని మింగుతాయి. మింగి ఊరుకోకుండా చుట్టుపక్కలకి సంకేత రసాయనాలు వదులుతాయి, ఎముక మజ్జలో పుట్టిన తెల్లకణాలు కొన్నింటిని రక్తంలోంచి రప్పిస్తాయి. రోజూ తాగేవాళ్లలో పేగు గోడ కూడా వదులై, అక్కడి బ్యాక్టీరియా తునకలు పోర్టల్ రక్తంలో కొట్టుకొచ్చి ఈ మంటని ఎగదోస్తాయి. ఆ సంకేతాల్లో మన కథకి కావలసినవి రెండు: పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా.

ఇప్పుడు అసలు కణం దగ్గరికొచ్చాం. డిస్సె సందులో సైనుసాయిడ్ చుట్టూ చేతులు చాపుకుని ఉండే నక్షత్ర కణం, డాక్టర్ల భాషలో స్టెలేట్ కణం. లివర్ కణాల్లో నూటికి ఐదు నుంచి ఎనిమిది వరకు ఇవే. మామూలు రోజుల్లో వీటికి ముఖ్యమైన పని విటమిన్-ఎ దాచడం. ఒంట్లో ఉన్న విటమిన్-ఎలో సగానికి పైగా వీటి కడుపులోని కొవ్వు బొట్లలోనే ఉంటుంది. మునగాకు పప్పు తిన్నా, బొప్పాయి పండు తిన్నా ఒంటికి మిగిలినది వచ్చి చేరేది ఇక్కడికే.

ఈ కణం సంగతి తేలడానికి వందేళ్లు పట్టింది. 1876లో కార్ల్ ఫాన్ కుఫర్ లివర్ ముక్కల్ని గోల్డ్ క్లోరైడ్‌తో తడిపితే నల్లగా నక్షత్రాలు కనిపించాయి. తర్వాత 1898లో ఆయనే పొరబడి, ఇవీ చెత్త మింగే కణాలూ ఒకటేనని రాశాడు. మింగే కణాలకి ఆయన పేరు అలా స్థిరపడిపోయింది. ఆయన మొదట చూసిన నక్షత్రాలు వేరే కణాలు. 1951లో జపాన్‌లో తోషియో ఇతో కొవ్వు దాచే కణాలని వీటినే కొత్తగా వర్ణించాడు. 1971లో కెంజిరో వాకే పాత గోల్డ్ క్లోరైడ్ పద్ధతే వాడి, కుఫర్ చూసినవీ ఇతో చెప్పినవీ విటమిన్-ఎ దాచేవీ ఒకే కణాలని తేల్చాడు. ఇక శాన్‌ఫ్రాన్సిస్కోలో స్కాట్ ఫ్రీడ్‌మన్ బృందం ఎలుక లివర్‌లోంచి వీటిని వేరుచేసి, కొల్లాజెన్ తయారీలో ముందున్నవి హెపటోసైట్లు కావు, ఇవేనని 1985లో చూపించింది. ఎలుకల్లో కణాల వంశాన్ని గుర్తులు పెట్టి వెంబడించిన 2013 పరిశోధనలో మచ్చ చేసే కణాల్లో 82 నుంచి 96 శాతం వీటి సంతానమే అని తేలింది.

పీడీజీఎఫ్, టీజీఎఫ్-బీటా తగలగానే నక్షత్ర కణం రూపమే మారిపోతుంది. ఎన్నాళ్లో దాచిన విటమిన్-ఎ బొట్లు కరిగిపోతాయి. పీడీజీఎఫ్ దాన్ని పిల్లలు పెట్టమంటుంది, గాయం వైపు కదలమంటుంది. కండరాల్లో ఉండే తరహా ఆక్టిన్ పోగులు లోపల పుట్టి, కణానికి బిగుసుకునే శక్తి వస్తుంది. టీజీఎఫ్-బీటా కబురు స్మాడ్ అనే ప్రోటీన్ల ద్వారా కేంద్రకం దాకా వెళ్లి కొల్లాజెన్ జన్యువుల్ని తెరుస్తుంది. ఇలా మారిన కణం ఇంకెవరి కోసమూ ఎదురుచూడదు, టీజీఎఫ్-బీటాని తానే తయారు చేసుకుని తననే ఉసిగొల్పుకుంటుంది. నా దృష్టిలో మొత్తం కథలో ప్రమాదకరమైన మలుపు ఇదే.

కొల్లాజెన్ తయారీని కాస్త దగ్గరగా చూడాలి, ఎందుకంటే మచ్చ మొండితనమంతా అక్కడే ఉంది. కణం లోపల మూడు పొడుగాటి గొలుసులు తయారవుతాయి, ఒక్కోదాంట్లో వెయ్యికి పైగా అమైనో ఆమ్లాలు. ప్రతి మూడో చోట గ్లైసీన్ ఉండి తీరాలి. అన్నిటికంటే చిన్న ఆమ్లం అదే, మూడు గొలుసులు ఒకదానికొకటి పెనవేసుకునే నడిమధ్యలో అంతకంటే పెద్దది పట్టదు. గొలుసులోని ప్రోలీన్లలో కొన్నిటికి ఆక్సిజన్ తగిలించాలి, దానికి విటమిన్-సి కావాలి. అది లేకపోతే పేనిక నిలవదు. పేనిన సరుకు కణం బయటికొచ్చాక కొసల్ని ఎంజైములు కత్తిరిస్తాయి. కొసలు తెగిన ముక్కలు పక్కపక్కన సర్దుకుని పోగులవుతాయి. ఆఖరున లైసిల్ ఆక్సిడేజ్ అనే ఎంజైముల కుటుంబం, రాగి సాయంతో, పోగుకీ పోగుకీ మధ్య అడ్డంగా బంధాలు వేస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ బంధాలు పెరుగుతాయి. లేత మచ్చకీ ముదిరిన మచ్చకీ తేడా అదే. ఆ ఎంజైముల్లో ఒకదాన్ని అడ్డుకుంటే పని అయిపోతుందని సిమ్టుజుమాబ్ అనే మందు తెచ్చారు. మనుషుల మీద పరీక్షిస్తే లాభం కనిపించలేదు.

కొల్లాజెన్ పేరుకున్నచోట కణజాలం గట్టిపడుతుంది. ఆ గట్టితనం మరికొన్ని నక్షత్ర కణాల్ని మేల్కొలుపుతుంది. గట్టి ఉపరితలం మీద అవి ఇంకా చురుగ్గా కొల్లాజెన్ చేస్తాయి. నిజానికి లివర్‌లో కొల్లాజెన్‌ని కోసిపారేసే ఎంజైములూ ఉన్నాయి. వాటిని పని చేయనివ్వకుండా టింప్-1 అనే ప్రోటీన్‌ని ఈ కణాలే వదులుతాయి. ఒకపక్క పోస్తూ, ఇంకోపక్క తీసేవాళ్ల చేతులు కట్టేయడమన్నమాట.

డిస్సె సందు కొల్లాజెన్‌తో నిండేకొద్దీ సైనుసాయిడ్ గోడలోని రంధ్రాలు మూసుకుపోతాయి. రక్తం పక్కనుంచే పారుతున్నా హెపటోసైట్‌కి అందాల్సింది అందదు. మన రైతుకి ఈపాటికి నలభై ఐదు దాటాయి. ఒంట్లో ఏమీ తెలియదు, ఆకలి ఉంది, పని చేసుకుంటున్నాడు. మచ్చ మొదట చిన్న సిరల చుట్టూ సన్నటి పోగులుగా ఉంటుంది. తాగుడు, కొవ్వు వల్ల అయితే లివర్‌లోని చిన్న చిన్న తమ్మెల నడిమి సిరల చుట్టూ మొదలవుతుంది. హెపటైటిస్-బి, సి రకాల్లో పోర్టల్ సిర కొమ్మల వైపు నుంచి బయల్దేరుతుంది. డాక్టర్లు దీన్ని ఎఫ్0 నుంచి ఎఫ్4 దాకా మెట్లుగా చెబుతారు. ఎఫ్3లో ఒక మచ్చకీ ఇంకో మచ్చకీ వంతెనలు పడతాయి. ఎఫ్4లో ఆ వంతెనల మధ్య మిగిలిన మంచి కణాలు గుండ్రటి గడ్డలుగా పెరుగుతాయి. పైనుంచి చూస్తే లివర్ బుడిపెలు బుడిపెలుగా ఉంటుంది. అదే సిర్రోసిస్. రోజూ తాగే అందరికీ ఇది రాదు. ఎవరికి వస్తుందో మాత్రం ముందుగా చెప్పలేం.

నాగార్జున సాగర్ కుడి కాలువ కింద సాగు చేసే పల్నాడు రైతుకి ఆ తర్వాతి సంగతి విడమర్చి చెప్పక్కర్లేదు. కాలువలో పూడిక పేరుకుంటే పైనుంచి వచ్చే నీరు ఆగదు. మట్టం లేచి, గట్టు ఎక్కడ పలచగా ఉంటే అక్కడ గండి పడుతుంది. మామూలుగా పోర్టల్ సిర వైపు ఒత్తిడి, బయటికి పోయే సిర ఒత్తిడి కంటే 5 మిల్లీమీటర్ల పాదరసానికి మించి ఎక్కువ ఉండదు. తేడా 10కి చేరితే అన్నవాహికలో సిరలు ఉబ్బడం మొదలవుతుంది, 12 దాటితే పగిలే ప్రమాదం. మచ్చ పడిన లివర్‌లో బిగుసుకునే నక్షత్ర కణాలు కూడా దారి నొక్కేసి ఆ ఒత్తిడిని పెంచుతాయి. వెనక్కి తన్నిన రక్తంతో ప్లీహం ఉబ్బి ప్లేట్‌లెట్లని పట్టి ఉంచుకుంటుంది. రిపోర్టులో ప్లేట్‌లెట్లు లక్షన్నర కంటే కింద ఉంటే డెంగ్యూ ఒక్కటే గుర్తుకు రాకూడదు. లివర్ చేసే అల్బుమిన్ తగ్గుతుంది, కిడ్నీలు ఉప్పుని వదలకుండా పట్టుకుంటాయి, పొట్టలో నీళ్లు చేరతాయి. ఇంట్లోవాళ్లకి రోగం సంగతి తెలిసేది చాలాసార్లు ఇక్కడే. పొట్ట ఉబ్బి కాళ్లు వాచినప్పుడో, ఒక రాత్రి గిన్నెడు రక్తం కక్కుకున్నప్పుడో. అప్పుడు ఎండోస్కోపీ, ఉబ్బిన సిరలకి బ్యాండ్లు, వారం వారం నీళ్లు తీయించడం.

ఈ తయారీ వెనక్కి తిరుగుతుందా? చాలాకాలం తిరగదనే అనుకున్నారు. తిరుగుతుందని ఇప్పుడు గట్టి రుజువులున్నాయి. హెపటైటిస్-బికి ఐదేళ్లు టెనోఫోవిర్ వాడినవాళ్ల లివర్ ముక్కల్ని మందుకి ముందూ తర్వాతా పోల్చి 2013లో ప్రచురించారు. మొదట్లో సిర్రోసిస్ ఉన్న 96 మందిలో 71 మందికి, అంటే నూటికి 74 మందికి, ఐదో ఏట సిర్రోసిస్ లేదు. ఎలుకల్లో గాయం ఆపితే ఏమవుతుందో 2012లో చూశారు. మచ్చ చేసే కణాల్లో దాదాపు సగం చచ్చిపోయాయి. మిగతా సగం శాంతించాయి గానీ పూర్తిగా పాత రూపానికి రాలేదు, మళ్లీ గాయమైతే ఈసారి ఇంకా తొందరగా లేస్తాయి. మానేసినవాడు మళ్లీ మొదలుపెడితే మొదటిసారి ఉన్నంత గడువు ఉండదన్నది దీన్నిబట్టి నా అంచనా.

రెండు ఉదాహరణల్లోనూ మచ్చ మీద నేరుగా మందు పోయలేదు, గాయం తగలడం ఆగింది అంతే. తాగుడు మానడం, వైరస్‌ని అణచడం, బరువు తగ్గడం పనిచేసేది ఇందుకే. బరువులో పదో వంతు, అంతకు మించి తగ్గినవాళ్లలో నూటికి 45 మందికి మచ్చ వెనక్కి తగ్గిందని క్యూబాలో జరిగిన ఒక అధ్యయనం 2015లో చెప్పింది. కొవ్వు లివర్ మచ్చకి అమెరికా 2024 మార్చిలో రెస్మెటిరోమ్‌ని, 2025 ఆగస్టులో సెమాగ్లుటైడ్‌ని అనుమతించింది. రెండూ ఎఫ్2, ఎఫ్3 మెట్ల మీద ఉన్నవాళ్లకే. రెస్మెటిరోమ్ పరీక్షలో మచ్చ ఒక మెట్టు తగ్గింది నూటికి పాతికమందికి, ఉత్తి మాత్ర మింగినవాళ్లలోనూ 14 మందికి. అద్భుతమేమీ కాదు. మందుల షాపుల్లో అడిగితే ఇచ్చే లివర్ టానిక్కులు మచ్చని కరిగిస్తాయనడానికి నమ్మదగిన రుజువే లేదు. టానిక్ తాగుతున్నాం కదా అని క్వార్టర్ మానని వాడికి ఆ సీసా కీడే చేస్తుంది. తిప్పతీగ సంగతీ జాగ్రత్త. కొవిడ్ కాలంలో దాన్ని వాడినవాళ్లలో లివర్ దెబ్బతిన్న కేసులను ముంబయి డాక్టర్లు 2021లో ప్రచురించారు. ఆయుష్ మంత్రిత్వ శాఖ ఒప్పుకోలేదు. లివర్‌లో ముందే గాయం ఉన్నవాళ్లు ఆ వాదం తేలేదాకా ఆగడమే మంచిది.

తాగనివాళ్లకి ఇదంతా పరాయి కథ కాదు. గచ్చిబౌలి ఏఐజీ ఆసుపత్రి, హైదరాబాద్ విశ్వవిద్యాలయం కలిసి 345 మంది ఐటీ ఉద్యోగులను పరీక్షించి 2025లో ఫలితాలు ప్రచురించాయి. 84 శాతం మంది లివర్‌లో కొవ్వు ఎక్కువే. నూజెండ్ల నుంచి హైదరాబాద్ వెళ్లి కుర్చీలో కూర్చున్న మన పిల్లలూ అలాంటి ఉద్యోగాల్లోనే ఉన్నారు. కొవ్వు ఉన్నంత మాత్రాన మచ్చ పడ్డట్టు కాదు, చాలామందికి పడదు కూడా. స్కానింగ్‌లో రాసే ‘గ్రేడ్ 1, గ్రేడ్ 2’ అన్నది కొవ్వు లెక్క. దానికీ ఎఫ్1, ఎఫ్2కీ సంబంధం లేదు.

వైరస్ దారిని మూసేయడంలో మాత్రం తెలుగువాళ్ల చెయ్యి ఉంది. నెల్లూరు జిల్లాకు చెందిన కె.ఐ. వరప్రసాద్ రెడ్డి స్థాపించిన శాంతా బయోటెక్నిక్స్ 1997 ఆగస్టులో శాన్‌వాక్-బి టీకా తెచ్చింది. దిగుమతి టీకా వందల రూపాయలు పలికే రోజుల్లో, దేశంలోనే తయారైన తొలి రీకాంబినెంట్ హెపటైటిస్-బి టీకా అది. ఇప్పుడు బిడ్డ పుట్టిన 24 గంటల్లో ఒక డోసు, తర్వాత 6, 10, 14 వారాలకు పెంటావలెంట్‌లో కలిపి ఉచితంగా వేస్తున్నారు. టీకా రాకముందు పుట్టినవాళ్లే మిగిలారు. వాళ్లకోసం 2018 జులై 28న మొదలైన జాతీయ వైరల్ హెపటైటిస్ నియంత్రణ కార్యక్రమంలో బి, సి రెండిటికీ పరీక్షలూ మందులూ ఉచితం.

ఇక మీ మచ్చ లెక్క మీరే వేసుకోవచ్చు. లివర్ గట్టితనాన్ని కొలిచే ఫైబ్రోస్కాన్ మిషను ఊళ్లో ఉండదు గానీ, ల్యాబ్ రిపోర్టూ ఫోన్‌లో క్యాలిక్యులేటరూ ఉంటే చాలు. వయసుని ఎస్‌జీఓటీతో గుణించండి. ఎస్‌జీపీటీకి వర్గమూలం తీసి, దాన్ని వేలల్లో చెప్పిన ప్లేట్‌లెట్లతో గుణించండి. మొదటిదాన్ని రెండోదాంతో భాగించండి. మన రైతుకి ఇప్పుడు 54, ఎస్‌జీఓటీ 70, ఎస్‌జీపీటీ 49, ప్లేట్‌లెట్లు లక్షా ఇరవై వేలు. యాభై నాలుగు డెబ్బైలు 3780. నలభై తొమ్మిదికి వర్గమూలం 7, నూట ఇరవైతో గుణిస్తే 840. భాగిస్తే 4.5. దీన్ని ఫిబ్-4 అంటారు. 1.3 లోపుంటే ముదిరిన మచ్చ ఉండే అవకాశం తక్కువ, 2.67 దాటితే ఎక్కువ. అరవై ఐదు దాటినవాళ్లకి కింది గీత 1.3 కాదు, 2. ముప్పై ఐదు లోపువాళ్లకి ఈ లెక్క సరిగా పనిచేయదు. జ్వరంలో తీసిన రిపోర్టుతోనూ వేయొద్దు.

మన రైతు రిపోర్టులో ఎస్‌జీపీటీ నార్మల్‌కి కాస్తే ఎక్కువ. లెక్క వేస్తే 4.5. మీ ఇంట్లో బీరువాలో పడున్న రిపోర్టు తీసి ఇవాళే వేసి చూడండి. 1.3 (అరవై ఐదు దాటినవాళ్లకి 2) దాటితే ఆ కాగితం పట్టుకుని నరసరావుపేటో గుంటూరో వెళ్లి, ఫైబ్రోస్కాన్ కావాలా అని డాక్టర్ని అడగండి. హెపటైటిస్-బి పరీక్ష జీవితంలో ఒక్కసారైనా చేయించుకోండి.